అతికించాలా, కుట్టాలా?

ఢిల్లీలో నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయనుకోండి. మర్నాడు పేపర్లో ఓ మాట తప్పకుండా కనిపిస్తుంది... 'అతుకుల బొంత' అని. అంటే రేపోమాపో విడిపోతుందని లెక్క! ఆ పోలిక మొదట తెచ్చిన మహానుభావుడెవరో గానీ ఏనాడూ బొంత కుట్టి ఉండడు. కుట్టేవాళ్ల పక్కన కూచునైనా ఉండడు. బొంత అంత తేలిగ్గా విడిపోదండీ. పైన వేసిన చీర వెలిసిపోతుంది, అంచులు పీలికలవుతాయి, మధ్యలో ఎక్కడో చిల్లు పడుతుంది. అప్పుడు దానిమీదే ఇంకో గుడ్డముక్క వేసి మళ్లీ కుడతారు. ప్రభుత్వాలు పడిపోతాయి గానీ సరిగ్గా కుట్టిన బొంత ఊడిపోవడం నేను చూళ్లేదు.

అయితే మన భాషలో 'అతుకు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ముక్కకు ముక్క చేర్చి కుట్టినా అతుకే, జిగురు రాసి అంటించినా అతుకే. ఇన్నాళ్లూ బొంతల విషయంలో ఈ రెండో అర్థంతో మనకు పని పడలేదు. ఇప్పుడు పడింది. ఇస్త్రీపెట్టె పెడితే గుడ్డకు అతుక్కుపోయే దూది పొర ఒకటి దొరుకుతోంది. పేరు ఫ్యూజిబుల్ బ్యాటింగ్. బ్యాటింగ్ అనగానే మీకు సచిన్ గుర్తుకొస్తే తప్పు మీది కాదు. క్విల్టు మధ్యలో పెట్టే పొరను అమెరికాలో అలాగే అంటారు మరి.

ఈ మాట నా చెవిన పడింది డల్లాస్ నుంచి. అక్కడ మా అక్క కూతురుంది. ఇక్కడున్నప్పుడు గుండీ ఊడితే నా దగ్గరకు పరిగెత్తుకొచ్చిన పిల్ల, అక్కడికి వెళ్లాక లైబ్రరీలో నెలకోసారి కలిసే ఆడవాళ్ల దగ్గర కూచుని క్విల్టులు కుట్టడం నేర్చుకుంది. మా అక్క పోయి మూడేళ్లయింది. అక్క కట్టీ కట్టీ వెన్నలా మెత్తబడిన నేతచీరలు ఆరు ఏరుకుని, సూట్‌కేసులో పచ్చళ్ల బరువు తగ్గించుకుని మరీ పట్టుకెళ్లింది. మొన్నామధ్య ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మ చీరలతో క్విల్టు చేస్తున్నా. పురుడొచ్చేలోగా అయిపోవాలి. మామూలు బ్యాటింగ్ అయితే నేలమీద పరుచుకుని టాకాలు వేయాలి. ఏడో నెల కదా, వంగలేకపోతున్నా. ఇస్త్రీతో అతుక్కునేది తెచ్చుకోనా?"

వెంటనే ఔననలేకపోయాను. కాదనడానికీ నోరు రాలేదు. కడుపుతో ఉన్న పిల్లను నేలమీద మోకాళ్లమీద కూచోమని ఎవరంటారు? అలాగని అక్క చీరలకు జిగురంటించమనీ చెప్పలేను. ఎందుకో చెప్పాలంటే అసలు ఆ దూది పొర పనేమిటో ముందు చూడాలి.

క్విల్టుకు మూడు పొరలు. పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ. అడుగున నిండు గుడ్డ. మధ్యలో దూది. మూడింటినీ కలుపుతూ అంతటా కుట్లు వేయడమే క్విల్టింగ్. ఆ కుట్లు అందం కోసమని చాలామంది అనుకుంటారు. అందం తర్వాత సంగతి. పూర్వం మధ్యలో పరిచింది ఏకిన దూది. కుట్లతో దగ్గర దగ్గరగా బంధించకపోతే నాలుగు ఉతుకులకే ఆ దూదంతా ఓ మూలకు చేరి ఉండలు కట్టేది. మన పాత పరుపులు ఏం చేసేవో గుర్తుందిగా, అదే కథ. తర్వాత్తర్వాత దూదిని చుట్టలుగా చేసి అమ్మే కంపెనీలు వచ్చాయి. పొర మీద పలుచని పూత పూసి రేగకుండా చేశారు. ఆపైన పాలిస్టర్ వచ్చింది. ఇప్పుడైతే ముళ్ల సూదులతో పొడిచి పొడిచి దూదిని దుప్పటిలా ఒకే పొరగా తయారుచేస్తున్నారు. అందుకే ప్యాకెట్ మీద 'కుట్టుకీ కుట్టుకీ మధ్య ఇంత దూరం ఉండొచ్చు' అని రాసి ఉంటుంది. కొన్నిటికి 4 అంగుళాలు. కొన్నిటికి 10 అంగుళాలు కూడా! జానెడు పైచిలుకు దూరం కుట్టు లేకపోయినా దూది కదలదని భరోసా అన్నమాట.

మన బొంతకు ఈ బాధ లేదు. అందులో దూదే లేదు. పాతచీరలే పొరలు పొరలుగా వేసి కుట్టేస్తాం. బెంగాలీల కాంథా, కన్నడిగుల కౌది... ఇవన్నీ మన బొంతకు అక్కచెల్లెళ్లే. చీర మీద చీర పడితే పట్టు దానంతటదే ఉంటుంది. దూది అలా కాదు, జారుతుంది.

ఇక టాకాల సంగతి. అసలు కుట్టు మొదలుపెట్టేముందు మూడు పొరలూ కదలకుండా పట్టుకోవాలి. పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేస్తారు, లేదంటే బెత్తెడుకో పిన్నీసు గుచ్చుతారు. మంచమంత క్విల్టు అయితే వందల పిన్నీసులు! ఫర్నిచరంతా జరిపి, నేలమీద అడుగుగుడ్డను సాగదీసి నాలుగు పక్కలా టేపు అంటించి, దానిమీద దూది, ఆపైన ముక్కలగుడ్డ పరిచి, పాకుతూ గుచ్చుకుంటూ పోవాలి. క్విల్టు కుట్టేవాళ్లలో ఎవర్నడిగినా విసుగు పుట్టించే పని ఏదంటే ఇదే చెబుతారు. పైగా మిషను మీద కుట్టేటప్పుడు ప్రతి పిన్నీసు దగ్గరా ఆగి తీయాలి. మరిచిపోయి దానిమీదికి పోనిచ్చారా, సూది ఠప్పున విరుగుతుంది.

ఇదిగో ఈ బాధ తప్పించడానికే ఫ్యూజిబుల్ బ్యాటింగ్ పుట్టింది. వేడికి కరిగి, చల్లారితే గట్టిపడే జిగురును దూది పొర మీద సన్నగా పట్టిస్తారు. హాబ్స్ కంపెనీ 80 పాళ్లు నూలు, 20 పాళ్లు పాలిస్టర్ కలిపి చేసే రకానికి రెండు వైపులా జిగురుంటుంది. పెల్లాన్ వాళ్ల ఫ్యూజిబుల్ ఫ్లీస్‌లో ఎక్కువగా అమ్ముడయ్యే రకానికి ఒకవైపే. కొనేముందు ఈ తేడా చూసుకోవాలి. ఒకవైపే ఉన్నది తెచ్చి రెండోవైపు అతుక్కోలేదని ఇస్త్రీపెట్టెను తిడితే ఏం లాభం?

సరిగ్గా వాడితే మాత్రం హాయిగా ఉంటుంది. ఆ మాట ఒప్పుకోవాలి. నేలమీద కూచోనక్కర్లేదు, ఇస్త్రీ బల్ల చాలు. పిన్నీసులుండవు. మిషను కింద పొరలు జారవు, అడుగున ముడతలు పడవు. కొందరు స్ప్రే జిగురు వాడతారు. దాని ఘాటుకు కిటికీలన్నీ తెరవాలి, మంట దగ్గర లేకుండా చూసుకోవాలి. దీనికి ఆ బెడదా లేదు. చేతిసంచి, టేబుల్ మీద పరిచే గుడ్డ, దిండు గలీబు, గోడకు వేలాడదీసే బొమ్మగుడ్డ... ఇలాంటి చిన్న వస్తువులకు దీన్ని మించింది లేదనే నా అభిప్రాయం. అరగంటలో కుట్టుకు సిద్ధమవుతుంది. సంచికైతే ఆ కాస్త బిరుసుదనం కూడా మంచిదే, నిలబడుతుంది.

వాడే పద్ధతి ఉంది. ఇస్త్రీపెట్టెను మనం చొక్కా మీద తోసినట్టు తోయకూడదు. పెట్టాలి, ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లు ఉంచాలి, ఎత్తాలి, పక్కన పెట్టాలి. తోశారంటే గుడ్డ సాగి అలాగే అతుక్కుంటుంది. మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. చల్లారేదాకా కదపకూడదు. ముడత పడితే వేడిమీదే మెల్లగా లేపి, సర్ది మళ్లీ పెట్టొచ్చు. దూది అంచు గుడ్డ దాటి బయటకొచ్చిన చోట పాతగుడ్డో, బేకింగ్ కాగితమో వేసుకోవాలి. లేకపోతే జిగురంతా ఇస్త్రీపెట్టె అడుగుకు అంటుకుంటుంది. తర్వాత ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద ఆ మచ్చ తేలుతుంది. ఇంట్లో జరగబోయే గొడవ మీ ఊహకే వదిలేస్తున్నా.

ఇంకో చిక్కుంది, దీన్ని దుకాణాల్లో ఎవరూ ముందుగా చెప్పరు. ప్యాకెట్లో మడతపెట్టి రావడంతో బ్యాటింగ్‌కు మడతలు పడి ఉంటాయి. మామూలు రకమైతే డ్రయర్లో కాసేపు తిప్పితే సాపవుతుంది. ముందే తడిపి కుదించుకోదగ్గ రకాలూ ఉన్నాయి. జిగురున్నదాన్ని డ్రయర్లో వేయకూడదు, తడపకూడదు, ఇస్త్రీ చేయకూడదు. రాత్రంతా పరిచి వదిలేయడమే. నూలు బ్యాటింగ్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు పాళ్ల దాకా కుదించుకుపోతుంది. 60 అంగుళాల క్విల్టు అయితే రెండు మూడు అంగుళాలు తగ్గుతుందన్నమాట. గుడ్డను మాత్రం ముందే ఉతికి ఆరేయాలి. మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గంజి పెట్టిన గుడ్డకు జిగురు సరిగ్గా పట్టదు.

పెద్ద క్విల్టుల దగ్గరికొచ్చేసరికి ఈ హాయి తగ్గిపోతుంది. 90 అంగుళాల గుడ్డను ఇస్త్రీ బల్ల మీద జరుపుకుంటూ ముక్కముక్కగా అతికించడం, మళ్లీ తిప్పి రెండోవైపు... అప్పటికి మొదటివైపు ఎక్కడో ఊడి ఉంటుంది. ధర కూడా మామూలు బ్యాటింగ్ కంటే ఎక్కువే. మిషను సూదికి జిగురు పట్టి దారం తెగడం కొందరికి అనుభవమే. 14 నంబర్ సూది వేసుకుని, మధ్యమధ్యలో స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడుచుకుంటే ఫర్వాలేదు. చేత్తో కుట్టేవాళ్లకు మాత్రం నేనిది చెప్పను. మెత్తటి పొరల్లో నాలుగు కుట్లు ఒకేసారి సూదికెక్కించి లాగే సుఖం ఇందులో ఉండదు. సూది బరబరమంటుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ జిగురు ఎన్నాళ్లుంటుంది? దీనికి జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది. మీవారి చొక్కాల్లో పాతవి తీసి కాలర్ చూడండి. కొన్నిటికి చిన్నచిన్న బుడగలు తేలి ఉంటాయి. కాలర్ లోపల వేసే బక్రం ఇప్పుడు ఎక్కువగా ఇస్త్రీతో అతికించేదే. ఉతుకులు పడేకొద్దీ అక్కడక్కడ ఊడి, పైగుడ్డ ఒక దారిన, బక్రం ఒక దారిన కుదించుకుంటే ఆ బుడగలొస్తాయి. జాకెట్టు మెడకు టైలర్లు వేసే ఫ్యూజింగ్ గుడ్డదీ అదే తంతు. ఊడిన కాలర్ను మళ్లీ ఇస్త్రీ చేస్తే అతుక్కున్నట్టే ఉంటుంది, వచ్చే ఉతుకుకు మళ్లీ మొదటికొస్తుంది. క్విల్టుకు ఇంత ఇబ్బంది రాకపోవడానికి కారణం దాని మీద అంతటా కుట్లుండటమే. అంటే జిగురు తాత్కాలికం. టాకాలకు బదులు అంతే. కొన్ని రకాల్లో మొదటి ఉతుకుకే కరిగిపోయే జిగురు వాడతారు, కొన్నిటిలో అలాగే ఉండిపోయేది. ప్యాకెట్ చదివితే తెలుస్తుంది. ఏదైనా సరే, 'అతికింది కదా' అని కుట్లు దూరం దూరంగా వేసేవాళ్లున్నారే... వాళ్లు ఏడాది తిరక్కుండానే చొక్కా కాలర్లు కప్పుకుని పడుకోవాల్సి వస్తుంది.

ఇక అక్క చీరలు.

కట్టి కట్టి పలచబడిన నేతచీర దాదాపు జల్లెడలా ఉంటుంది. కరిగిన జిగురు అందులోంచి పైకి ఊరొచ్చు. చుక్కలు చుక్కలుగా మచ్చ కనిపిస్తుంది, చేతికి గరుగ్గా తగులుతుంది. ఆ చీర గొప్పదనమంతా ఆ మెత్తదనమే కదా! జరీ అంచుంటే ఇంకో ప్రమాదం. ఈనాటి జరీలో చాలావరకు ప్లాస్టిక్ పొర ఉంటుంది, అంత వేడికి ముడుచుకుపోతుంది. పైగా కొన్ని జిగుర్లు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడి పెళుసెక్కుతాయి. మ్యూజియంల్లో పాతబట్టలు భద్రపరిచేవాళ్లు మళ్లీ ఊడదీయలేని జిగురంటే అందుకే జంకుతారు. కుట్టయితే విప్పొచ్చు. చిరిగినచోట ఒక్క ముక్క తీసి ఇంకో ముక్క వేయొచ్చు. అతికించిన చీరను విడదీయబోతే చీరే చిరుగుతుంది. కొత్తగుడ్డ పాడైతే ఇంకో మీటరు కొనుక్కుంటాం. ఆ చీరలు ఏ కొట్లో దొరుకుతాయి?

అమెరికాలోనే, అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఓ మారుమూల పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు అరిగిపోయిన పనిబట్టలతో కుట్టిన క్విల్టులను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలూ వేశారు. అందులో మిసౌరి పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టిన క్విల్టు ఒకటుంది. భర్త చనిపోయాక ఆయన పొలంలో వేసుకున్న బట్టలన్నీ కలిపి కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, జేబు విప్పిన చోట ముదురు మచ్చ... ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. దాన్ని పట్టి ఉంచినవి ఆవిడ చేతి కుట్లే.

ఇవన్నీ నా మనసులో తిరుగుతుంటే ఫోన్లో ఒక్క ప్రశ్న వేశాను. "పురుడొచ్చేలోగా ఎందుకే అంత తొందర?"

"బిడ్డకు కప్పుదామని పిన్నీ."

అక్కడ దొరికింది దారి. ఏడాది నిండని పిల్లలు నిద్రపోయే తొట్టిలో క్విల్టులు, దుప్పట్లు, దిండ్లు ఏవీ ఉండకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం గట్టిగా చెబుతుంది. ముఖం మీద పడితే ఊపిరాడదని భయం. మనం పొత్తిగుడ్డల్లో చుట్టి పక్కన పడుకోబెట్టుకున్నవాళ్లం, మనకీ మాట కొత్తగానే ఉంటుంది. కానీ అక్కడ ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేముందే ఈ జాగ్రత్త చెప్పి పంపుతారట. అంటే అమ్మమ్మ చీరల క్విల్టు వచ్చే ఏడాది దాకా ఆ బిడ్డకు కప్పే వీలే లేదు! ఇక తొందరెందుకు? తొందర లేకపోతే జిగురుతో పనేముంది?

"అయితే ఇప్పుడేం చేయను?" అంది కాస్త నీరసంగా. కొత్త నూలుగుడ్డతో బిడ్డ బోర్లాపడి ఆడుకునేందుకు ఓ చిన్న పరుపు కుట్టమన్నాను. గజం కన్నా కాస్త పెద్దది చాలు. దానికి మాత్రం ఫ్యూజిబుల్ బ్యాటింగ్ నిక్షేపంగా వాడమన్నాను. బల్ల దగ్గర నిలబడి చేసుకోవచ్చు, కుట్లు మాత్రం దగ్గరగా వేయాలి, ఎందుకంటే రోజూ ఉతకాల్సి వస్తుంది. చీరల సంగతి మరో మనిషికి అప్పజెప్పాం. పురిటికి సాయంగా వాళ్ల అత్తగారు ఆర్నెల్లకు వెళుతున్నారు. అక్కడికి వెళ్లిన అత్తగార్లకు కారు రాదు, టీవీలో చానళ్లు నచ్చవు, మధ్యాహ్నం పూట తోచదు. ఈవిడ ఒకప్పుడు పది బొంతలు కుట్టిన మనిషట. నాలుగు చీరలు పొరలుగా వేసి, మిగతా రెండిట్లో కొంగులు, అంచులు ముక్కలుగా పైన పేర్చి, టాకాలు వేసి చేత్తోనే కుడతానని ఇక్కడే మాటిచ్చి విమానమెక్కబోతున్నారు. దూది అసలొద్దన్నారు. "చీరల మధ్య దూదెందుకమ్మా, చీరకంటే మెత్తనా?" అన్నది ఆవిడ మాట.

టాకాలు కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలనే ఆఫ్రికా సంతతివాళ్లు ఉన్నారు. వాళ్ల ఆడవాళ్లు కుట్టే కవంది బొంతను అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క అంచు మడుచుకుంటూ చుట్టూ చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. ముందుగా మొత్తం పరిచి బిగించే పనే లేదు. ఒళ్లో వేసుకుని కుట్టుకుపోవడమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.

మనవైపు ఈ ఫ్యూజిబుల్ బ్యాటింగ్ ఆన్‌లైన్లో దొరుకుతుంది. టైలరింగ్ సామాన్ల కొట్లో అడిగితే జాకెట్టు మెడలకు వాడే ఫ్యూజింగ్ గుడ్డ చేతిలో పెట్టొచ్చు. అది వేరు, ఇది వేరు. దూదిలా మెత్తగా, దళసరిగా ఉండి, వేలితో రాస్తే గరుకు తగిలేది మీకు కావాలి. తెచ్చాక నేరుగా మంచి గుడ్డ మీద పెట్టకండి. మీరు వాడబోయే గుడ్డలోంచే ఆరేసి అంగుళాల ముక్కలు తీసి రెండు బుల్లి క్విల్టులు చేయండి. ఒకటి అతికించి కుట్టినది, ఇంకోటి టాకాలు వేసి కుట్టినది. రెండిటినీ మీ ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే అయిదారుసార్లు ఉతకండి. మిషనైతే మిషన్లో, బండకేసి బాదేవాళ్లయితే బండకే. ఎండలో ఆరేసి, చేత్తో నలిపి చూడండి. ఏది కావాలో మీ వేళ్లే చెబుతాయి.

చూడటం అయ్యాక ఆ ముక్కలతో వేడిగిన్నెలు దించుకోవచ్చు కదా అనుకుంటారేమో. టాకాలు వేసిందయినా మధ్యలో ఉన్నది నూలు దూదయితేనే. అతికించింది మాత్రం పొయ్యి దరిదాపులకు తేకండి, ఇస్త్రీకి కరిగే జిగురు కుక్కరుకు కరగదా?